ముందు తూటా, తర్వాత తుపాకీ

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. కానీ వాటిని నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను మెకానికల్ ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా లేత్ మిషన్లు, గేజీలు, టాలరెన్సుల మధ్య బతికినవాణ్ని. అందుకని నాకు తెలిసిన దారిలోంచే ఒక చరిత్ర చెబుతాను. దాని మొదలు మాత్రం మన బడి మైదానంలోనే ఉంది.

ఎనభైలలో ఎన్‌సీసీ చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. డ్రిల్లుకు ఇచ్చే పాత త్రీ నాట్ త్రీ రైఫిల్ నిలబెడితే తొమ్మిదో తరగతి పిల్లవాడి ఛాతీ దాకా వచ్చేది. బరువు నాలుగు కిలోలు. కాల్చడానికి మాత్రం చిన్న .22 రైఫిల్, మనిషికి ఐదు తూటాలు. కాల్చిన తర్వాత ఖాళీ ఖోకాలు ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తక్కువైనా ఉస్తాద్ అందరినీ గడ్డిలో వెతికించేవాడు. తుపాకీ కంటే తూటా లెక్కే ముఖ్యమని మాకు అప్పుడే తెలిసింది, కారణం మాత్రం తెలియలేదు.

ఆ రోజు నా పక్కన బోర్లా పడుకొని కాల్చిన మిత్రుడు బోధన్ దగ్గరి చెరకు రైతు కొడుకు. ఇంటర్ కాగానే సైన్యంలో చేరి, హవల్దారుగా రిటైరై ఊరికి వచ్చాడు. పోయినేడు కలిసినప్పుడు అడిగాను: "ఇన్ని రకాల తుపాకులు మోసినవు గదా, ఏది మంచిదిరా?"

వాడు నవ్వాడు. "ఏది ఇస్తే అదే మంచిదిరా. మమ్మల్ని ఎవలన్న అడిగిండ్రా?"

ఆ మాట నన్ను వదల్లేదు. సైన్యం తన జవానుకు ఏ తుపాకీ, ఏ తూటా ఇవ్వాలో ఎలా తేల్చుకుంటుంది? అందులో తప్పు జరిగితే ఆ భారం ఎవరి మీద పడుతుంది? ఈ ప్రశ్నలకు చరిత్రలో నాకు దొరికిన జవాబులే ఈ వ్యాసం.

రైలు గేజ్ లాంటిదే తూటా

తూటా అంటే నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి ఖోకా, దాని అడుగున నిప్పు పుట్టించే క్యాప్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను క్యాప్‌ను కొడుతుంది, మందు అంటుకుంటుంది, పుట్టిన వాయువు గుండును బ్యారెల్‌లోంచి తోస్తుంది. 7.62×51 అని రాస్తే మొదటి అంకె గుండు కొలత, రెండోది ఖోకా పొడవు, రెండూ మిల్లీమీటర్లలో.

తూటా కొలత ఖాయమైతే తుపాకీలో సగం ఖాయమైనట్టే. ఛాంబర్ ఎంత ఉండాలి, బోల్టు ఎంత ఒత్తిడి తట్టుకోవాలి, మ్యాగజైన్‌లో ఎన్ని పడతాయి, భుజానికి ఎంత దెబ్బ తగులుతుంది, జవాను ఎన్ని మోయగలడు – ఇవన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఆ పైన తూటాలు చేసే ఫ్యాక్టరీలు, దాచే డిపోలు, కొండల మీదికి మోసే కంచర గాడిదలు, శిక్షణ మైదానాలు. అంతా ఆ కొలత చుట్టూనే అల్లుకుంటుంది.

మన ఊరివాళ్లకు ఇది రైలు గేజ్‌తో చెబితే సులువుగా అర్థమవుతుంది. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా మీటర్‌గేజ్ వేశారు. ఇంజన్లు, బోగీలు, వంతెనలు, ప్లాట్‌ఫారాలు అన్నీ ఆ కొలతకే కట్టారు. జానకంపేట నుంచి బోధన్ చెరకు ఫ్యాక్టరీ దాకా వెళ్లిన లైనుదీ అదే కథ. మన పట్టాలు బ్రాడ్‌గేజ్ కావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. తూటా మార్చడం అలాంటి పనే. అందుకే ఏ సైన్యమైనా అసలు ఎంచుకునేది తూటానే. తుపాకీ దాని వెనక వస్తుంది.

నమ్మకం తెగిన తూటా

మన దేశంలో ఈ పాఠం 1857లోనే వచ్చింది. ఈస్టిండియా కంపెనీ సిపాయిలకు కొత్త ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఇవ్వబోయింది. ఇంజనీరింగ్ లెక్కన అది పాత మస్కెట్ కంటే ఎంతో మేలు. బ్యారెల్ లోపల గాడులు ఉండటం వల్ల గుండు తిరుగుతూ దూరం పోతుంది, గురి తప్పదు. కానీ దాని తూటా కాగితం చుట్ట. పంటితో కొరికి చించి మందు పోయాలి. ఆ కాగితానికి పూసిన కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాట పాకింది. ముందుగా సిపాయిని అడిగినవాళ్లు లేరు. అనుమానం వచ్చాక ఇచ్చిన వివరణలను నమ్మినవాళ్లూ లేరు. మే 10న మీరట్‌లో తిరుగుబాటు లేచింది. జూలై 17న హైదరాబాద్‌లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగింది. తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి. నిప్పురవ్వ మాత్రం తూటాయే.

ఆ తర్వాత పాలకులు ఇంకో పాఠం నేర్చుకున్నారు. తెల్ల సైనికుడికి మార్టినీ-హెన్రీ ఇస్తే, భారత సిపాయికి అంతకు ముందు తరం స్నైడర్ ఇచ్చేవారు. ఎప్పుడూ ఒక మెట్టు కింద ఉంచడం. ఆయుధం ఎంపికలో శత్రువు గురించిన లెక్కే కాదు, సొంత సైనికుడి మీద ఎంత నమ్మకం ఉందనే లెక్క కూడా ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడో పాఠం కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో పుట్టింది. 1895 చిత్రాల్ యుద్ధంలో త్రీ నాట్ త్రీ గుండు మనిషిలోంచి దూసుకుపోతోంది కానీ ఆపడం లేదని ఫిర్యాదు వచ్చింది. దాంతో శరీరంలో విచ్చుకునే గుండు తయారుచేశారు. అది చేసే గాయం ఎంత ఘోరమంటే, 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో అలాంటి గుండ్లు వాడకూడదని ప్రకటించింది. తూటా ఎంపికకు చట్టం, నీతి కూడా హద్దులు గీస్తాయన్నమాట.

ఎంచుకునే వీలే లేకపోతే

ఇక మన సొంత గడ్డ. తెలంగాణ సాయుధ పోరాటంలో రైతుల చేతుల్లో ఎక్కువగా కనిపించినవి భర్మార్లు. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి కాల్చే నాటు తుపాకీ. ఒకసారి కాల్చాక మళ్లీ నింపేలోపు అవతలివాడు త్రీ నాట్ త్రీతో ఎన్నో గుండ్లు కాల్చగలడు. అయినా అదే వాడారు, ఎందుకంటే ఊళ్లో కమ్మరి బాగుచేయగలిగింది, మందు దొరికేది దానికే.

పైన కూర్చున్న నిజాం పరిస్థితి కూడా ఒక విధంగా అంతే. భారత ప్రభుత్వం ఆయుధాల సరఫరా ఆపేశాక, 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. దొరికింది తెచ్చుకోవడమే తప్ప ఎంపిక అన్నది లేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న హైదరాబాద్ లొంగిపోయింది. ఓటమికి కారణం తుపాకులు మాత్రమే కాదు. కానీ తన తూటా తాను చేసుకోలేనివాడు ఎంత ధనవంతుడైనా ఇతరుల దయ మీదే యుద్ధం చేయాలన్న సంగతి ఆ అయిదు రోజుల్లో తేలిపోయింది.

1962 తర్వాత

స్వతంత్ర భారత సైన్యం కూడా పాత త్రీ నాట్ త్రీతోనే మొదలైంది. మంచి తుపాకీ, గట్టిది, గురి తప్పదు. కానీ ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగి తోయాలి. 1962లో చైనా సైనికులు తనంతట తానే తూటా ఎక్కించుకునే తుపాకులతో వచ్చారు. మన జవాను బోల్టు లాగే వ్యవధిలో అవతలి నుంచి గుండ్లు వచ్చేవి.

ఆ యుద్ధం తర్వాత 7.62×51 తూటాతో ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన ఎస్ఎల్ఆర్ సైన్యం చేతికి వచ్చింది. మ్యాగజైన్‌లో 20 తూటాలు, బరువు దాదాపు 4.4 కిలోలు, దెబ్బ గట్టిది. కొత్తవి సరిపడా వచ్చేలోపు పాత బోల్టు రైఫిల్ నమూనానే కొత్త తూటాకు తగ్గట్టు మార్చి తయారుచేశారు. అక్కడా తూటా ముందు మారింది, తుపాకీ దానికి సర్దుకుంది. 1971లో మన జవాన్లు గెలిచింది ఎస్ఎల్ఆర్ పట్టుకునే.

ఎంత దూరం కాల్చాలి?

ఆ పాటికి ప్రపంచంలో ఇంకో ఆలోచన నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధాన్ని పరిశీలించినవాళ్లకు ఒక విషయం అర్థమైంది. రైఫిల్ వెయ్యి మీటర్లు కాల్చగలదు, కానీ పోరాటంలో ఎక్కువ భాగం మూడు నాలుగు వందల మీటర్ల లోపే జరుగుతుంది. వాడని దూరం కోసం సైనికుడు బరువు మోస్తున్నాడు. సోవియట్లు 1943లో పొట్టి ఖోకాతో 7.62×39 తూటాను రూపొందించారు. కలాష్నికోవ్ ఏకే-47 ఆ తర్వాత, ఆ తూటా కోసమే పుట్టింది.

పశ్చిమ దేశాల్లో కథ వేరు. బ్రిటన్ చిన్న తూటా ప్రతిపాదిస్తే, అమెరికా పట్టుబట్టి 1954లో నాటో చేత పెద్ద 7.62×51నే ఒప్పించింది. పదేళ్లు తిరక్కుండానే వియత్నాం అడవుల్లో అమెరికాయే 5.56 మిల్లీమీటర్ల చిన్న తూటాకు మారింది. లెక్క చూడండి: పెద్ద తూటా బరువు దాదాపు 24 గ్రాములు, చిన్నది 12 గ్రాములు. 200 తూటాలు మోస్తే 4.8 కిలోలకు బదులు 2.4 కిలోలు. అంటే అదే బరువుకు రెట్టింపు తూటాలు.

కానీ ఆ ఎం16 రైఫిల్ వియత్నాంలో తొలి ఏళ్లలో మొరాయించింది. పోరు మధ్యలో ఖోకా ఛాంబర్‌లో ఇరుక్కుపోయేది. తుపాకీ వేరే రకం మందుతో పరీక్షలు నెగ్గింది, యుద్ధానికి వెళ్లేసరికి తూటాలో మందు మార్చేశారు. ఛాంబర్‌కు క్రోమ్ పూత వేయలేదు. పైగా ఈ తుపాకీకి పెద్దగా శుభ్రత అక్కర్లేదన్న మాట ప్రచారమై, శుభ్రం చేసే సామాను కూడా చాలామందికి అందలేదు. 1967లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ జరిపాక ఇవన్నీ బయటపడ్డాయి. సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాలు పత్రికల్లోకి, ప్రతినిధుల బల్లల మీదికి చేరాకే పై అధికారులు విన్నారు.

ఇన్సాస్ కథ

1987లో మన సైన్యం శ్రీలంక వెళ్లినప్పుడు జవాన్ల చేతిలో పొడవాటి ఎస్ఎల్ఆర్, ఎదురుగా అడవిలో ఎల్టీటీఈ చేతిలో ఏకే. దగ్గరి పోరులో తేడా తెలిసొచ్చింది. అప్పటికే పూణేలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ 5.56 తూటాతో స్వదేశీ రైఫిల్ రూపొందిస్తోంది. అదే ఇన్సాస్. చిన్న గుండు చంపకపోయినా గాయపరుస్తుంది, గాయపడ్డవాణ్ని మోయడానికి ఇంకో ఇద్దరు పోరు వదలాలి అన్న వాదన ఆ రోజుల్లో తరచూ వినిపించేది. దేశాల సైన్యాల మధ్య యుద్ధానికి ఆ లెక్క సరిపోవచ్చు. చావడానికే సిద్ధపడి వచ్చిన చొరబాటుదారుడి ముందు సరిపోలేదు. వాణ్ని మోసుకెళ్లడానికి ఎవరూ రారు, గాయపడ్డా వాడు కాలుస్తూనే ఉంటాడు.

ఇన్సాస్ రాక ఆలస్యం కావడానికి ఒక కారణం వింటే ఇంజనీర్లకు బాధ కలుగుతుంది. తుపాకీ ఉంది, తూటాలు సరిపడా లేవు. పెద్ద మొత్తంలో ఇజ్రాయెల్ నుంచి కొనాల్సి వచ్చింది. తర్వాత 1999లో కార్గిల్. గడ్డకట్టే చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని, తుపాకీలోంచి నూనె కంట్లోకి చిమ్మిందని జవాన్లు చెప్పారు. లోపాలు కొన్ని తర్వాత సరిదిద్దారు. ఇన్సాస్‌ను మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, గురికి అది మంచి తుపాకీ అంటారు. కానీ ప్లాస్టిక్ చలికి పెళుసవుతుందన్నది మా పాలిటెక్నిక్ పిల్లలు చదివే పాఠం. అది కొండ మీద, శత్రువు ఎదురుగా బయటపడకూడదు.

అన్నీ కావాలంటే

ఇప్పుడు ఎంపిక జరిగే పద్ధతి చెబుతాను. ముందు సైన్యం తనకు ఏ గుణాలు కావాలో రాసుకుంటుంది, దాన్ని జీఎస్‌క్యూఆర్ అంటారు. రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే కౌన్సిల్ అవసరాన్ని ఆమోదిస్తుంది. టెండరు పిలుస్తారు. వచ్చిన తుపాకులను రాజస్థాన్ ఇసుకలో, హిమాలయాల చలిలో, బురదలో, నీళ్లలో పరీక్షిస్తారు. నెగ్గినవాటిలో తక్కువ ధరవాడికి, అంటే మనకు బాగా తెలిసిన ఎల్-1కు ఆర్డరు వెళుతుంది.

మొదటి మెట్టు మీదే తప్పటడుగు పడొచ్చు. 2011లో ఒకే తుపాకీకి రెండు బ్యారెళ్లు మార్చుకునేలా ఉండాలని, ఒకటి 5.56, ఇంకొకటి 7.62×39 కాల్చాలని టెండరు పిలిచారు. అడిగినవన్నీ తీర్చగల తుపాకీ దొరకలేదు. 2015లో రద్దు చేశారు. నాలుగేళ్లు పోయాయి.

మా నాన్న బోధన్ ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మ్యాన్‌గా పనిచేశారు. చెరకు రకం ఎంపిక గురించి ఆయన చెప్పిన మాట ఇక్కడ గుర్తొస్తుంది. రైతుకు ఎకరానికి టన్నులు కావాలి, ఫ్యాక్టరీకి చక్కెర రికవరీ కావాలి, కొట్టే కూలీకి పడిపోని గడ, సులువుగా రాలే ఆకు కావాలి. "అన్నీ ఉన్న రకం లేదు, ఏది వదులుకోవాలో తెలిసినోడే మంచి రకం తెస్తడు" అనేవారు. రైఫిల్‌కూ అంతే. దూరం, బరువు, నమ్మకం, ధర. అన్నీ ఒకేచోట దొరకవు.

చివరికి సైన్యం పనిని విభజించింది. ముందు వరుసలో నిలిచే పదాతి దళానికి 7.62×51 తూటా కాల్చే అమెరికన్ సిగ్ 716 రైఫిళ్లు 72,400 కొనడానికి 2019 ఫిబ్రవరిలో ఒప్పందం జరిగింది. ఎక్కువ మందికి 7.62×39తో ఏకే-203. ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ దగ్గర కోర్వాలో, రష్యాతో కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేయడానికి 2021 డిసెంబరులో సంతకాలయ్యాయి. ఇన్సాస్ ఇంకా చాలామంది చేతుల్లో ఉంది. ఇందులో చిక్కు కూడా ఉంది. సిగ్, ఏకే రెండూ 7.62 అయినా ఖోకా పొడవు వేరు కాబట్టి ఒకదాని తూటా మరోదాంట్లో పట్టదు. మూడు రకాల తూటాలు మూడు దారుల్లో కొండ మీదికి చేరాలి. అమెరికా కూడా 2022లో 6.8 మిల్లీమీటర్ల కొత్త తూటాతో కొత్త రైఫిల్ ఎంచుకుంది. పెద్ద తూటా నుంచి చిన్నదానికి, మళ్లీ పెద్దదానికి. ఈ లోలకం ఇంకా ఆగలేదు.

మన దగ్గరి పని

దొరికింది తెచ్చుకున్న హైదరాబాదే ఇప్పుడు తుపాకులు చేస్తోంది. 2024 జనవరిలో ఏఆర్‌డీఈ, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ సంస్థ కలిసి 'ఉగ్రం' అనే 7.62×51 రైఫిల్‌ను ఆవిష్కరించాయి. వంద రోజుల లోపే రూపొందించామని, నాలుగు కిలోల లోపే బరువని చెప్పాయి. అదే ఏడాది, ఒక సైనికాధికారి చొరవతో ఏఆర్‌డీఈ సహకారంతో రూపొందిన 'అస్మి' అనే 9 మిల్లీమీటర్ల చిన్న తుపాకీ 550 కావాలని సైన్యం నార్తర్న్ కమాండ్ ఆర్డరిచ్చింది. వాటిని చేసేది హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్. మెషిన్ టూల్స్ రంగంలో పెరిగిన కంపెనీ అది. తయారుకావడం వేరు, ఇసుకలో, మంచులో నెగ్గి లక్షల చేతుల్లోకి వెళ్లడం వేరు. ఆ దూరం ఇంకా ఉంది. అయినా వాడేవాడే కూర్చుని రూపొందించడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

2020 నవంబరులో కశ్మీర్ మాచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులను అడ్డుకుంటూ మన జిల్లా యువ జవాను ఒకరు ప్రాణమిచ్చారు. ఆ రాత్రి ఎవరి చేతిలో ఏ తుపాకీ ఉందన్నది కాదు నేను చెప్పదలచింది. ఢిల్లీలో ఒక కాగితం మీద రాసిన కొలతలు ఎప్పుడో ఒకనాడు మన వేల్పూర్, మన రెంజల్, మన ఎడపల్లి పిల్లవాడి భుజం మీదికి వస్తాయి. 1857లో సిపాయిని ముందుగా అడగలేదు. వియత్నాంలో ఆలస్యంగా విన్నారు. కార్గిల్ తర్వాత విన్నారు. ప్రతిసారీ వినడానికి ముందే మూల్యం చెల్లించింది కాల్చేవాడే.

అందుకే ఈ సంచిక చదివే మన బడి పిల్లల్లో రేపు డిజైన్ బల్ల ముందు, పరీక్షల కమిటీలో, టెండరు ఫైలు మీద కూర్చునేవాళ్లకు ఒక్క మాట. అది తుపాకీ అయినా, బోరు మోటారు అయినా, దాన్ని చేత పట్టేవాణ్ని మొదటి రోజే పిలిచి అడగండి.

వ్యాసం పూర్తయ్యాక నా మిత్రుడికి ఫోన్‌లో చదివి వినిపించాను. అంతా విని, "మరి ఇప్పుడడుగు" అన్నాడు. అడిగాను. గంటన్నర మాట్లాడాడు. బెల్టు ఎక్కడ కోసుకుపోతుందో, చేతి తొడుగుతో ట్రిగ్గర్ ఎందుకు అందదో, రాత్రి చీకట్లో మ్యాగజైన్ ఎటు తిరిగి ఉందో వేలికి ఎలా తెలియాలో చెప్పాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అవి లేవు. నోట్‌బుక్కులో ఏడు పేజీలు నిండాయి.